రాజుగారికి కోడలు లేదా?

మా అత్తగారు కసిల్దా ఏ మాట మొదలుపెట్టినా అది తిరిగి తిరిగి ఆవిడ ఎముకల దగ్గరికే వచ్చి ఆగుతుంది. టమాటాలు ఎంతకిస్తున్నారని అడగండి, ఎముకలు. వాన వచ్చేలా ఉందా అని అడగండి, మళ్ళీ ఎముకలే. "అదంతా సరేగానీ నెల్సీ, నేను పోయాక నావి తుడుస్తావా, తుడవవా? ఆ ముక్క తేల్చి చెప్పు" అంటుంది. కాపురానికి వచ్చిన నాటి నుంచీ ఇదే పాట. నేను తేల్చి చెప్పింది లేదు, ఆవిడ అడగడం మానింది లేదు.

మా పొముచ్ ఊళ్ళో పోయినవాళ్ళను మట్టిలో పెట్టేసి చేతులు దులుపుకోరు. మూడేళ్ళయ్యాక బయటికి తీసి, ఎముకలను చెక్కపెట్టెలో సర్ది, శ్మశానం గోడల్లోని గూళ్ళలో పెడతారు. ఏటా అక్టోబరు చివర్లో, పోయినవాళ్ళు ఇంటికి భోజనానికి వచ్చే పండుగకు ముందు, ఇంటివాళ్ళు వెళ్ళి ఆ పెట్టె కిందికి దించి, ఒక్కో ఎముకనూ బ్రష్షుతో తుడిచి, అడుగున పాత గుడ్డ తీసేసి పూలు కుట్టిన కొత్త గుడ్డ పరుస్తారు. తుడుస్తున్నంతసేపూ కబుర్లు చెబుతారు. పండక్కి మనకు కొత్త బట్టలున్నట్టే వాళ్ళకూ ఉండొద్దా అంటారు.

మీకు ఒళ్ళు జలదరించిందా? నాకూ అంతే. నేను పుట్టి పెరిగింది ఈ ఊళ్ళో కాదు, కంపెచె పట్నంలో, సముద్రం ఒడ్డున. మా వైపు పోయినవాళ్ళకు పూలు పెట్టి, కొవ్వొత్తి వెలిగించి, దణ్ణం పెట్టుకుని, చేతులు కడుక్కుని ఇంటికొచ్చేస్తాం. పెళ్ళికి ముందు నాకీ సంగతి ఎవరూ చెప్పలేదు. చెప్పి ఉంటే విల్బర్ట్ ముక్కూమొహం మరొక్కసారి చూసుకుని ఆలోచించుకునేదాన్ని.

విల్బర్ట్ అంటే మా ఆయన. మా రొట్టెల కొట్టులో పిండి మూట ఒంటిచేత్తో ఎత్తి భుజాన వేసుకునే మనిషి. ఆ మనిషే సొంత తండ్రి మోకాలిచిప్ప చూశాడంటే కళ్ళు తేలేసి పడిపోతాడు. ఏటా పడతాడు. ఏటా ఎవరో ఒకరు నీళ్ళు చల్లుతారు. ఆవిడకు ఒక్కడే కొడుకు, వాడు ఇలాంటివాడు. మరి మిగిలిందెవరు? నేనే. నేనేమో ఆ వారం వచ్చేసరికి తలనొప్పి అనో, పండగ గిరాకీ, పొయ్యి దగ్గర ఎవరో ఒకరు ఉండాలిగా అనో తప్పించుకునేదాన్ని. మా మామగారు హసింతోని ఆవిడే దించుకుని, ఆవిడే తుడుచుకుని, సాయంత్రం ఇంటికొచ్చి ఆయన చెప్పిన కబుర్లు మాకు చెప్పేది.

ఈ ఏడు ఆవిడ సతాయింపు మరీ మితిమీరింది. పొద్దున కాఫీ బల్ల మీద ఒలకబోసుకుని కప్పు మంచిది కాదంటుంది. మామగారి గుడ్డ మీద పేరు కుడుతూ కుట్టినదంతా విప్పి మళ్ళీ కుడుతుంది. ఆ అక్షరాలేమో తాగొచ్చినవాళ్ళలా ఒకదాని మీద ఒకటి పడుతున్నాయి. "కళ్ళద్దాలు మార్పించుకోండి అత్తయ్యా" అంటే, "నా కళ్ళకేం, డేగకళ్ళు. నువ్వు మాట మార్చకు. తుడుస్తావా, తుడవవా?" అని ఎదురు తిరుగుతుంది.

ఒకరోజు పొద్దున్నే పిండి పిసుకుతున్నాను. కాలే పొయ్యి ముందు నిలబడి ఉన్న మనిషికి కోపం ఎలా ఉంటుందో మీకు తెలుసు. ఆవిడ వచ్చి స్టూలు మీద కూర్చుని మళ్ళీ అందుకుంది. నాకు తిక్కరేగింది.

"అత్తయ్యా, పోయినవాళ్ళని ప్రశాంతంగా వదిలెయ్యాలండీ. ముట్టుకోకుండా ఉండటమే గౌరవం. మా ఊళ్ళో ఒక రాజుగారున్నారు. ఆయన్ని అద్దాల పెట్టెలో పడుకోబెట్టి, దీపం పెట్టి, చల్లటి గాలి ఆడేలా పెట్టారు. ఒక్క పురుగు కూడా ముట్టుకోదు. అదీ గౌరవమంటే."

"రాజా? ఏ రాజు?"

"మన మాయా జాతివాళ్ళ పాతకాలపు రాజేనండీ. అడవిలో గుడి కింద దొరికాడట. మొహానికి పచ్చరాళ్ళ ముసుగు కూడా ఉంది. కొండ మీద కోటలో పెట్టారు. మా గాస్పర్ అక్కడే కదా కాపలా కాసేది."

గాస్పర్ మా తమ్ముడు. పాత స్పెయిన్ దొరల కోటను పురావస్తు ప్రదర్శనశాల చేశాక అక్కడ ఉద్యోగం దొరికింది.

ఆవిడ స్టూలు మీంచి లేచింది. "చూపించు" అంది.

నేను లోలోపల సంబరపడిపోయాను. అక్కడికి తీసుకెళ్ళి ఆ గౌరవమంతా కళ్ళారా చూపిస్తే ఇక నోరు మూసుకుంటుందనుకున్నాను. నా బుద్ధి అంతవరకే పనిచేసింది.

ఆదివారం కోట చూడ్డానికి మన దేశంవాళ్ళకు టిక్కెట్టు అక్కర్లేదు. బస్సెక్కాం. ఆవిడ పండక్కి కట్టుకునే తెల్ల గౌను వేసుకుని, శాలువా కప్పుకుని, ఒళ్ళో నల్లసంచి పెట్టుకుని కూర్చుంది. దాన్ని బిడ్డను పట్టుకున్నట్టు పట్టుకుంది.

"ఏముంది అత్తయ్యా అందులో?"

"మీ తమ్ముడికి రొట్టెలు."

రొట్టెలే అనుకున్నాను. హామూ చీజూ పచ్చిమిరపకాయలూ కూరిన మా రొట్టెలంటే గాస్పర్ ప్రాణం పెడతాడు. దాని అడుగున ఇంకేమైనా ఉంటుందని నాకెలా తెలుస్తుంది?

కొండెక్కేసరికి ఇద్దరికీ ఆయాసం వచ్చింది. కోట చుట్టూ కందకం, దాని మీద చెక్కవంతెన, గోడ మీద వరసగా ఫిరంగులు సముద్రంకేసి చూస్తున్నాయి. గాస్పర్ యూనిఫారంలో గుమ్మం దగ్గర ఎదురొచ్చాడు.

"రండి అత్తయ్యగారూ, రండి! ఇన్నాళ్ళకి మా రాజ్యానికి దయచేశారు!"

"ఈ ఫిరంగులు ఎవరి మీదకయ్యా?"

"సముద్రపు దొంగల మీదకండీ. ఓడలేసుకుని వచ్చి ఊరు దోచేవాళ్ళు కదా, వాళ్ళకోసం కట్టారీ కోటని."

"ఆ దొంగలెవరూ ఇప్పుడు లేరుగా. మరి నువ్వెవరి నుంచి కాపలా కాస్తున్నావ్?"

గాస్పర్ నవ్వాడు. ఆ రోజుకి వాడి ఆఖరి నవ్వు అదే.

ముందు బొమ్మల గది. మట్టిబొమ్మలు, వేలెడంత, జానెడంత. దగ్గర్లోని ఒక దీవిలో, పాత సమాధుల్లో దొరికినవి. మా అత్తగారు ఒక అద్దం ముందు ఆగి గట్టిగా ఒక కేక పెట్టింది.

"ఓసినీ! నెల్సీ, ఇలా రా! ఇది మన ఒబ్దూలియా కాదూ? చర్చి ముందు తమాలె కుడుములు అమ్ముతుందే, ఆవిడే! నడుం మీద చేతులు పెట్టుకుని మూతి తిప్పడం చూడు!"

"అత్తయ్యా, అది వెయ్యేళ్ళ నాటి బొమ్మ."

"అయితే వాళ్ళ ముత్తవ్వ అయ్యుంటుంది. ఆ ఇంట్లో ఆడవాళ్ళందరికీ అదే పొగరు."

పక్క అద్దంలో బొజ్జ వేసుకున్న పెద్దమనిషిని చూసి మా ఊరి పెద్ద అంది. ఇంకో బొమ్మని చూసి, వీడు నా పెళ్ళిలో తాగి గొడవచేసినవాడే అంది. ఇలాగే సాయంత్రం దాకా బొమ్మల దగ్గరే ఉండిపోతే ఎంత బాగుండేదో అని తర్వాత చాలాసార్లు అనుకున్నాను.

రాజుగారి గది కోట లోపల ఎక్కడో ఉంది. మందపాటి రాతిగోడలు, మసక వెలుతురు, చల్లగా ఉంది. గుమ్మం పక్కన బోర్డు: ముట్టుకోరాదు, మాట్లాడరాదు. మధ్యలో అద్దాల పెట్టె. అందులో ఇసుక మీద రాజుగారు. ఎముకలన్నీ మట్టిరంగు తిరిగిపోయి ఉన్నాయి, తల దగ్గర పచ్చరాళ్ళ ముసుగు మెరుస్తోంది. అవతలివైపు ఉత్తరదేశం నుంచి వచ్చిన ముసలి యాత్రికుల గుంపు ఒకటి ఎండటోపీలతో చప్పుడు చెయ్యకుండా చూస్తోంది.

నేను గర్వంగా మా అత్తగారికేసి చూశాను. ఇప్పుడేమంటావ్ అన్నట్టు.

ఆవిడ నన్ను పట్టించుకోలేదు. అద్దం దగ్గరికి వెళ్ళి, మాయా భాషలో, పొరుగింటాయన్ని పలకరించినట్టు, "ఎలా ఉన్నావు నాయనా?" అంది. తర్వాత పెట్టె చుట్టూ మెల్లగా ఒక ప్రదక్షిణ చేసింది. వంగి చూసింది. కాళ్ళవైపు ఆగి మళ్ళీ చూసింది. ఆవిడ పెదాలు బిగుసుకుంటున్నాయి. ఆ బిగింపు నాకు బాగా తెలుసు. పెళ్ళైన కొత్తలో నేను కడిగిన గిన్నెలు చూసినప్పుడు అలాగే బిగించేది.

"ఏమయ్యా గాస్పర్, ఈయన్ని ఎప్పుడు తుడిచారు?"

"అద్దం రోజూ తుడుస్తారండీ" అన్నాడు వాడు గుసగుసగా.

"అద్దం కాదయ్యా. ఈయన్ని."

"ఈయన్నా? ఈయన్ని ఎవరూ ముట్టుకోకూడదండీ."

"పోయి ఎన్నాళ్ళయింది?"

"పదమూడొందల ఏళ్ళు అని రాశారండీ."

"పదమూడొందల ఏళ్ళుగా గుడ్డ మార్చలేదా!"

ఆ కేకకు యాత్రికులందరూ ఒక్కసారి ఉలిక్కిపడ్డారు. రాతిగది కదా, ఆ మాట గోడలకు కొట్టుకుని రెండుసార్లు వెనక్కొచ్చింది. గాస్పర్ నోటిమీద వేలు పెట్టుకుని బోర్డుకేసి చూపించాడు. ఆవిడ ఆ బోర్డును చదివి, దానికేసి ఎంత అసహ్యంగా చూసిందంటే, అది మనిషైతే తలదించుకునేది.

"పిల్లల్లేరా ఈయనకి?"

"రాజుగదండీ, ఉండే ఉంటారు."

"మరి కోడలు?"

గాస్పర్ నాకేసి చూశాడు. నేను పైకప్పుకేసి చూశాను.

"కోడలి సంగతి బోర్డు మీద రాయలేదండీ" అన్నాడు పాపం.

"రాయరు. ఎందుకు రాస్తారు? ఉన్నా లేనట్టే అయ్యుంటుంది."

ఇలా అంటూ సంచి కింద పెట్టి, రొట్టెల పొట్లం తీసి గాస్పర్ చేతిలో పెట్టింది. దాని అడుగు నుంచి బ్రష్షు తీసింది. ఆ తర్వాత గుడ్డ. గులాబీలు కుట్టిన గుడ్డ, మా మామగారిది, ఈ ఏటిది!

"అత్తయ్యా! అవెందుకు తెచ్చారు?"

"చచ్చిపోయినవాళ్ళని చూడ్డానికి ఉత్తచేతులూపుకుంటూ వస్తామా? నీ చదువు తగలెయ్య."

"అది మామయ్య గుడ్డ!"

"మీ మామయ్యకి చెప్పే తెచ్చాను. సర్దుకుంటానన్నాడు. ఏమయ్యా, పెట్టె తియ్యి."

"తాళం నా దగ్గర లేదండీ!"

"ఉన్నవాణ్ణి పిలు."

"ఆదివారమండీ! అత్తయ్యగారూ, మీకు దణ్ణం పెడతాను, నా ఉద్యోగం..."

"నీ ఉద్యోగం నేనేం తినను. నువ్వటు తిరిగి రొట్టె తిను. నేనిట్టే తుడిచేస్తాను. కాళ్ళవరకే."

అంటూనే అద్దం అంచు పట్టుకుని తడమడం మొదలుపెట్టింది. బ్రష్షు ఆవిడ చేతిలోంచి జారి ఠంగున నేలమీద పడింది. పడకుండా ఆపుకోబోయి ఆవిడ మోచెయ్యి అద్దానికి తగిలింది.

అంతే, కోటంతా కూత అందుకుంది. అలారం! సముద్రపు దొంగల కాలంలో కూడా ఆ కోటలో అంత గోల జరిగి ఉండదు. గాస్పర్ రొట్టెలపొట్లం పట్టుకునే పరుగెత్తాడు. యాత్రికులు పారిపోతారనుకున్నాను. పారిపోలేదు సరికదా, ఇదేదో మా ఆచారం కాబోలనుకుని ఒక్కొక్కరే టోపీలు తీసేశారు. ఒకాయన ఫోను తీసి వీడియో కూడా మొదలుపెట్టాడు. నాకు సిగ్గుతో చచ్చిపోవాలనిపించింది. అద్దాల పెట్టె ఖాళీగా ఉంటే నేనే దూరి పడుకునేదాన్ని.

చివరికి కూత ఆగింది. ఆగేసరికి మా అత్తగారు నేలమీద చతికిలబడి ఉంది. గుడ్డ ఒళ్ళో ఉంది, చేతులు రెండూ గుడ్డ కింద దాచుకుంది. రాజుగారితో మాట్లాడుతోంది.

"ఈ ఏడు గాలివాన రాలేదు నాయనా, నీ దయ. మొక్కజొన్న బాగానే పండింది. కోడిగుడ్లే మండిపోతున్నాయి. నీతో ఎవరూ మాట్లాడరటగా? మాట్లాడొద్దని బోర్డు కూడా పెట్టారు. ఎంత దిక్కులేనివాడివి అయిపోయావయ్యా, ఇంత కోట పెట్టుకుని."

ఆ మాటతో ఆవిడ నాకేసి తిరిగింది. కళ్ళలో నీళ్ళు తిరుగుతున్నాయి.

"ఇప్పుడర్థమైంది నన్నిక్కడికి ఎందుకు తీసుకొచ్చావో."

"ఎందుకేంటండీ?"

"నన్ను పెట్టబోయే చోటు చూపించడానికి."

"అత్తయ్యా! మిమ్మల్ని మ్యూజియంలో పెట్టడానికి మీరేమన్నా రాణీయా?"

"ఇక్కడ కాకపోతే ఇలాగే. ఒక పెట్టెలో పడేసి, తలుపేసి, ముట్టుకోకుండా, పలకరించకుండా. దానికి గౌరవమని పేరు పెట్టుకుంటావు. నాకీ గౌరవం వద్దు నెల్సీ. నాకు భయం."

చెంపల మీదుగా నీళ్ళు కారుతుంటే తుడుచుకోను కూడా లేదు. ఇన్నేళ్ళలో ఆవిడ అరవడం చూశాను, అలగడం చూశాను, చీపురు విసిరెయ్యడం చూశాను. ఏడవడం చూడలేదు. నాకు ఏడుపొచ్చింది, ఏడుపు రాగానే కోపమొచ్చింది. నా తీరే అంత.

"చేస్తానండీ!" అని అరిచాను. "చేస్తాను! తుడుస్తాను! తలకాయ నుంచి కాలివేళ్ళ దాకా ఒక్కటి కూడా వదలకుండా తుడుస్తాను! ఇక చాలా?"

"అక్కా, మెల్లగా" అన్నాడు గుమ్మంలోంచి గాస్పర్.

"నువ్వు నోర్ముయ్!"

మా అత్తగారు ముక్కు చీదింది. "ఒక్క ఏడాదేనా?"

"ప్రతి ఏడూ!"

"గుడ్డ?"

"కొత్తది!"

"బజార్లో కొన్నదా, నువ్వు కుట్టిందా?"

"నేను కుట్టిందే! గులాబీలు! పేరు! అన్నీ!"

ఆవిడ అద్దంకేసి తిరిగి, "విన్నావుగా నాయనా? నువ్వే సాక్షి" అంది. తర్వాత యాత్రికులకేసి తిరిగి చెయ్యెత్తి నన్ను చూపించింది. వాళ్ళకు ఒక్క ముక్క అర్థమైందో లేదో, అందరూ కలిసి చప్పట్లు కొట్టారు. ఒక ముసలమ్మ వచ్చి నన్ను కౌగిలించుకుంది కూడా.

అప్పుడు తెలిసొచ్చింది నాకు. నేను పన్నిన వలలో నేనే పడ్డాను, అదీ రాజుగారి సమక్షంలో.

గాస్పర్ మమ్మల్ని వంతెన దాకా దిగబెట్టాడు. పైవాళ్ళకి ఫిరంగి దుమ్ము వల్ల అలారం మోగిందని చెబుతాడట. "అత్తయ్యగారూ, ఎవరి నుంచి కాపలా అని అడిగారు కదా" అన్నాడు వాడు, రొట్టె నములుతూ. "ఇవాళ తెలిసిందండీ."

తిరుగు బస్సులో ఆవిడ ముందుసీటు వాళ్ళకీ, వెనకసీటు వాళ్ళకీ, డ్రైవరుకీ కూడా చెప్పింది. "మా కోడలు మాటిచ్చింది, రాజు సాక్షిగా!" నేను మొహం మాడ్చుకుని కిటికీలోంచి చూస్తూ కూర్చున్నాను. కొంతసేపయ్యాక ఉండబట్టలేక అడిగాను.

"ఆ ఏడుపు నాటకమేనా?"

"సగం."

"ఏ సగం?"

ఆవిడ శాలువా చేతుల మీదికి లాక్కుని కళ్ళు మూసుకుంది.

వారం తిరిగింది. మామగారి పెట్టె దించే రోజు వచ్చింది. మా ఆయన పూలబుట్ట, నీళ్ళ బకెట్టు పట్టుకున్నాడు. పొయ్యి చూసుకోవడానికి మనిషిని ముందే పెట్టేసింది ఆవిడ, నాకు సాకు లేకుండా. శ్మశానంలో రంగురంగుల గూళ్ళ మధ్య జనం తిరునాళ్ళలా ఉన్నారు. అందరూ ఎవరో ఒకరిని తుడుస్తూ, ఎవరితోనో ఒకరితో మాట్లాడుతూ. మా గూడు దగ్గరికి రాగానే ఆవిడ నల్లసంచి నా చేతికిచ్చింది.

"ఊఁ, కానియ్యి."

"నేనా? నేను మాటిచ్చింది మీ ఎముకలకి. మామయ్య ఎముకలకి కాదు!"

"మరి నేర్చుకోవద్దూ? తిన్నగా వచ్చి నా మీద ప్రయోగం చేస్తావా?"

"అత్తయ్యా, మామయ్యతో మీ మాటలు మీరే చెప్పుకోండి. ఈ ఏటికి మీరే కానివ్వండి. నేను చూస్తాను. చూసి నేర్చుకుంటాను."

ఆవిడ సరేనంది. అదే నాకు ఆశ్చర్యం. బెంచీ మీద కూర్చుని పెట్టె దగ్గరికి లాక్కుని, "హసింతో, వచ్చానయ్యా" అని, పైనున్న పుర్రెను మెల్లగా తీసి ఒళ్ళో గుడ్డ మీద పెట్టుకుంది. విల్బర్ట్ అప్పటికే గోడవైపు తిరిగి ఊపిరి లెక్కపెట్టుకుంటున్నాడు. ఆవిడ ఒక పొడుగు ఎముక అందుకుంది. చెయ్యి వణికింది. ఎముక పెట్టె అంచుకు టకటకమని కొట్టుకుంది. రెండో చేత్తో పట్టుకోబోయింది, అదీ వణికింది. ఎముక జారి గడ్డిలో పడింది.

ఆవిడ దాన్నే చూస్తూ ఉండిపోయింది. పక్కవాళ్ళు చూడనట్టు తలలు తిప్పుకున్నారు.

ఒలికిన కాఫీ, తాగొచ్చినట్టున్న అక్షరాలు, కోటలో నేలమీద పడ్డ బ్రష్షు, శాలువా కింద దాచుకున్న చేతులు, అన్నీ ఒక్కసారి వచ్చి నా నెత్తిన పడ్డాయి. నాకెంత మంచి కళ్ళున్నాయండీ! ఆవిడకేమో కళ్ళద్దాలు మార్పించుకోమన్నాను.

"ఎప్పటినుంచి అత్తయ్యా?"

"వానలు మొదలైనప్పటినుంచి."

"డాక్టరు ఏమన్నాడు?"

"ఇక తగ్గేది కాదన్నాడు."

"నాతో ఒక్క మాట చెప్పొచ్చుగా!"

"చెప్పాగా" అంది ఆవిడ. "రోజూ అదేగా చెబుతున్నాను."

నేను వంగి గడ్డిలోంచి ఆ ఎముక తీశాను. తీసేముందు ఆలోచించుకునే తీరికే లేకపోయింది. చేతిలోకి వచ్చాక తెలిసింది, అది మా మామగారి కాలని. ఎంత తేలికగా ఉందో! నోరు మూసుకుని ఉంటే పారేసి పరుగెత్తేదాన్నే. అందుకే నోరు తెరిచాను.

"ఏమండీ మామయ్యగారూ" అన్నాను బ్రష్షు ఆడిస్తూ. "ఈ మనిషితో నలభై ఏళ్ళు ఎలా వేగారండీ? ఒక్క మాట తిన్నగా చెప్పదు. చేతులు పనిచెయ్యడం లేదమ్మా, వచ్చి సాయం పట్టు అంటే నాలుక అరిగిపోతుందా? అది చెప్పకుండా టమాటాల దగ్గర మొదలుపెట్టి, నన్ను కోటకి లాగి, రాజు దగ్గర పరువుతీసి... మీరు తొందరగా ఎందుకు వెళ్ళిపోయారో నాకిప్పుడు తెలిసింది. హాయిగా పడుకున్నారు. ఇక్కడ నేను చస్తున్నాను!"

పక్క గూటి దగ్గర ఎవరో కిసుక్కున నవ్వారు. విల్బర్ట్ కూడా గోడవైపు తిరిగే ఉన్నా ఆయన భుజాలు కదిలాయి. ఈసారి పడిపోలేదు, అది వేరే సంగతి.

"మెల్లగా తుడువు, అది రొట్టెల పెనం కాదు" అంది అత్తగారు. "పుర్రె అలా పట్టుకోకు, కింద చెయ్యి వెయ్యి. ఆఁ, అలా. చెవుల దగ్గర బాగా. ఆయనకి చెవుల వెనక కడుక్కునే అలవాటు లేదు."

"విన్నారా మామయ్యా? ఇప్పటికీ వదలదు."

అన్నీ అయ్యాయి. పాత గుడ్డ తీసి గులాబీల గుడ్డ పరిచాను. హసింతో అన్న అక్షరాలు వంకరగా ఒకదాని మీద ఒకటి వాలి ఉన్నాయి. వాటిని విప్పి తిన్నగా కుట్టనా అని అడగబోయి ఊరుకున్నాను. పొడుగు ఎముకలు అడుగున, చిన్నవి పైన, అన్నింటి మీదా మామగారి తల పెట్టాను. ఆవిడ వణుకుతున్న వేలితో ఆ నుదుటిని ఒకసారి తాకింది.

"నెల్సీ."

"ఏంటండీ?"

"నావి కూడా ఇలాగే తుడువు. తిడుతూ. ఎంతైనా తిట్టుకో, నేనేమీ అనుకోను. మాట్లాడకుండా మాత్రం తుడవకు."

నేను తల ఊపాను.

"వినపడలేదు" అంది ఆవిడ.

"తిడతానత్తయ్యా" అన్నాను. "నోరారా తిడతాను."